కత్తిలాంటి ఫొటో కావాలి

రాంపూర్ చాకుకు పేరు తెచ్చింది సినిమా. ఇప్పుడు కొనేవాణ్ని తేవాల్సింది ఫొటో. కాని సినిమా నేర్పిన మెరుపే ఆ ఫొటోను పాడు చేస్తోంది.

ఢిల్లీ నుంచి లక్నో వెళ్లే దారిలో, మొరాదాబాద్ దాటాక, దేశ రాజధానికి సుమారు 190 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది రాంపూర్. 1774లో రోహిల్లా నాయకుడు ఫైజుల్లా ఖాన్ నెలకొల్పిన సంస్థానం. 1949లో భారత యూనియన్‌లో కలిసిపోయింది. నవాబులు తరతరాలుగా పోగుచేసిన రాతప్రతులతో రజా లైబ్రరీ ఇక్కడే ఉంది. హిందుస్తానీ సంగీతంలో రాంపూర్-సహస్వాన్ ఘరానా ఈ ఊరి పేరుతోనే నడుస్తోంది. వేటకుక్కల్లో రాంపూర్ హౌండ్‌ది ప్రత్యేకమైన జాతి. వయొలిన్లు తయారుచేసే కార్ఖానాలూ ఉన్నాయి. ఇన్ని ఉన్నా, ఈ ఊరికి ఎన్నడూ రానివాళ్లకు రాంపూర్ అనగానే గుర్తొచ్చేది ఒక్కటే. మడత విప్పితే కటకటమని చప్పుడు చేసే పొడవాటి చాకు. దాని పేరే రాంపురి.

ఆ పేరు బొంబాయి సినిమా పెట్టిన భిక్ష. 1965లో వచ్చిన ‘వక్త్’లో రాజ్‌కుమార్ చాకు పట్టుకుని చెప్పిన డైలాగును ఉత్తరాది ప్రేక్షకులు ఇప్పటికీ అప్పజెప్పగలరు. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు రౌడీ ఉన్న ప్రతి సినిమాలోనూ రాంపురికి ఏదో ఒక వేషం దొరికింది. చీకటి సందు, పైన ఒక బల్బు, పిడిలోంచి బయటికొచ్చిన బ్లేడు మీద తళుక్కుమన్న వెలుగు. తెర మీద కత్తికి దక్కింది ఆ ఒక్క క్షణమే. దాన్ని ఎవరు చేశారు, పిడికి ఏ లోహం వాడారు, మడత దగ్గర కీలు ఎంత బిగువుగా ఉందన్నవి ఏ కెమెరాకూ పట్టలేదు.

పట్టకపోవడంతో పోలేదు, నష్టమే జరిగింది. గూండాల ఆయుధంగా ముద్రపడ్డ చాకు మీద ప్రభుత్వం కన్ను పడింది. 1990ల్లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలకు మించిన బ్లేడున్న చాకులను నిషేధించింది. తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల బ్లేడుకు పేరుపడ్డ వస్తువు ఒక్కసారిగా అరచేతిలోకి కుదించుకుపోయింది. యంత్రం మీద గుద్ది తీసిన చౌక చాకులు ఒకవైపు, పోలీసు తనిఖీల భయం మరోవైపు. ఒకప్పుడు బజారంతా పరుచుకున్న చాకు దుకాణాల్లో కొన్నే మిగిలాయి. చేత్తో బ్లేడు సానబట్టి, పిడి మలిచి, కీలు బిగించగల పనివాళ్ల సంఖ్య తగ్గిపోయింది. వాళ్ల కొడుకులు వేరే పనులు వెతుక్కున్నారు.

2023 మార్చిలో పాలకులు ఈ పేరును మళ్లీ గుర్తుచేసుకున్నారు. ఊళ్లోని ఒక కూడలిలో 20 అడుగుల చాకు శిల్పాన్ని నిలబెట్టి, దానికి ‘చాకు చౌరాహా’ అని పేరు పెట్టారు. వచ్చేపోయేవాళ్లు అక్కడ ఆగి సెల్ఫీలు దిగుతున్నారు. ప్రచారానికి లోటు లేదు. కాని సెల్ఫీ దిగినవాళ్లంతా బజారుకు వెళ్లి చాకు కొనరు. కొనాలనుకునేవాళ్లలో చాలామంది అసలు రాంపూరే రారు. వాళ్లు పుణేలోనో, హైదరాబాద్‌లోనో కూర్చుని ఫోన్ తెరమీద చూస్తారు. అక్కడ వాళ్లకు కనబడేది కత్తి కాదు, కత్తి ఫొటో. చేతిపనికి సరైన ధర పలకాలంటే ఆ ఫొటోలో చేతిపని కనబడాలి. చాలా ఫొటోల్లో అదే కనబడదు.

సగటు ఫొటోలో ఏముంటుంది?

చేత్తో చేసిన కత్తులు అమ్మేవాళ్లు, రాంపూర్‌లోనే కాదు, ఎక్కడైనా తీసే ఫొటో దాదాపు ఒకేలా ఉంటుంది. కింద ఎర్రటి వెల్వెట్ గుడ్డ, లేకపోతే పూల దుప్పటి, లేదా ఆ రోజు పేపరు. పైన ట్యూబ్‌లైటు. ఫోన్ ఫ్లాష్ దానంతటదే వెలుగుతుంది. బ్లేడు మధ్యలో తెల్లటి మచ్చ, దాని చుట్టూ నల్లటి ఇనుము. ఇత్తడి పిడి ఆకుపచ్చగా కొడుతుంది. ఫోన్‌ను దగ్గరగా పెట్టడం వల్ల మొన పెద్దదిగా, పిడి చిన్నదిగా కనిపిస్తుంది. కాస్త పరీక్షగా చూస్తే బ్లేడులో తీసినవాడి చొక్కా రంగు, ఫోన్ పట్టుకున్న వేళ్లు కూడా కనిపిస్తాయి.

ఇలాంటి ఫొటో బాగుందా లేదా అని తేల్చడానికి కళాహృదయం అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. చూడగానే కన్ను కత్తి మీదికి వెళ్లిందా, వెనకున్న పూల మీదికి వెళ్లిందా? మొన నుంచి పిడి చివర దాకా కత్తి అంచు మొత్తం వెనకరంగు నుంచి విడిగా కనబడుతోందా? ఉక్కుకు నున్నగా అద్దంలాంటి మెరుగు పెట్టారా, సన్నటి గీతలు కనిపించేలా మందమెరుగు పెట్టారా అన్నది తెలుస్తోందా? చివరగా, ఆ కత్తి ఎంత పొడవో ఫొటో చూసి చెప్పగలమా? పైన చెప్పిన సగటు ఫొటో నాలుగింటిలోనూ తప్పుతుంది.

కొనేవాడి వైపు నుంచి చూస్తే ఐదో ప్రశ్న కూడా ఉంది. ఫొటో చూశాక అతని మనసులో ఇంకా ఏ సందేహం మిగిలింది? ఎదురుగా ఉంటే అతను చాకు చేతిలోకి తీసుకుంటాడు, విప్పుతాడు, మూస్తాడు, కీలు దగ్గర బ్లేడును అటూ ఇటూ కదిపి చూస్తాడు, వేలితో రివెట్ల మీద తడుముతాడు. ఫొటో ఆ వేళ్ల పని చేయాలి. చేయనిది ఎంత అందంగా ఉన్నా గోడమీద క్యాలెండరే.

అద్దానికి ఫొటో తీయడం ఎలా?

చిక్కంతా మెరుపుతోనే. మెరుగు పెట్టిన బ్లేడు ఒక అద్దం. అద్దానికి ఫొటో తీయడం కుదరదు. అందులో కనిపించేదానికే తీయగలం. నల్లటి గది మధ్యలో వెలిగే చిన్న ఫ్లాష్‌ను బ్లేడు ఎదుట పెడితే, బ్లేడు చూపించేది నల్లటి గదినీ, ఒక తెల్లటి చుక్కనీ. సినిమాకు కావలసింది సరిగ్గా ఆ చుక్కే. ప్రేక్షకుడి గుండె ఝల్లుమనాలంటే బ్లేడు తళుక్కుమనాలి. అమ్మేవాడికి మాత్రం ఆ చుక్క శత్రువు. అది పడ్డచోట ఉక్కు కనబడదు, గీత కనబడదు, పనితనం కనబడదు.

కాబట్టి మొదటి మెరుగుదల ఫ్లాష్ ఆపేయడం. రెండోది ట్యూబ్‌లైటు కూడా ఆపేయడం. కిటికీ వెలుగుకూ ట్యూబ్‌లైటు వెలుగుకూ రంగులో తేడా ఉంటుంది. రెండూ కలిస్తే ఇత్తడి ఏ రంగులో ఉందో కెమెరా తేల్చుకోలేదు. ఉత్తరం వైపు కిటికీ ఉంటే అంతకు మించిన స్టూడియో లేదు. దాని గుండా నేరుగా ఎండ పడదు, పగలంతా వెలుగు ఒకేలా ఉంటుంది. లేకపోతే కిటికీకి ట్రేసింగ్ పేపరో, ఉతికిన తెల్లటి పంచో అడ్డం కట్టొచ్చు. అప్పుడు ఎండ వడగట్టినట్టవుతుంది. బ్లేడుకు కనిపించేది ఒక చుక్క కాదు, ఒక వెడల్పాటి తెల్లటి తెర.

కత్తికి అవతలివైపు ఒక థర్మోకోల్ షీటు నిలబెడితే నీడలు తేలికపడతాయి. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు. చుట్టూ తెల్లటి గుడ్డలు కట్టి, కత్తిని మధ్యలో పెట్టి, ఇక మచ్చలు పడవని సంతోషిస్తారు. మచ్చలు నిజంగానే పడవు, కాని కత్తి పేలవంగా, అట్టముక్క కత్తిరించినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే బ్లేడు ఒకే తలం కాదు. వెన్ను నుంచి కొంత దూరం చదునుగా వచ్చి, అక్కడి నుంచి అంచు వైపు ఏటవాలుగా దిగుతుంది. ఆ రెండు తలాలు కలిసేచోట ఒక గీత ఉంటుంది. చేత్తో సానబట్టేవాడి నైపుణ్యమంతా ఆ గీతలో ఉంది. అది పిడి దగ్గర మొదలై మొన దాకా వణకకుండా సాగాలి, రెండువైపులా ఒకేచోట ఆగాలి. చుట్టూ తెలుపే ఉంటే రెండు తలాలూ తెల్లగానే కనిపించి గీత మాయమవుతుంది.

దీనికి మందు ఒక నల్లటి చార్టు ముక్క. దాన్ని థర్మోకోల్ పక్కన కొద్దికొద్దిగా జరుపుతూ తెరలో చూస్తుంటే ఒకచోట చదును తలం తెల్లగానూ, ఏటవాలు తలం కాస్త ముదురుగానూ విడిపోతాయి. గీత కత్తితో కోసినట్టు బయటపడుతుంది. మెరుపును చంపేయడం కాదు, దాన్ని చెప్పినచోట నిలబెట్టడం అంటే ఇదే.

ఇత్తడి పిడికి ఇంకో కిటుకుంది. గుండ్రటి పిడి గదినంతటినీ ఒక సన్నటి పట్టీగా కుదించి చూపిస్తుంది. పిడికి సమాంతరంగా పొడవాటి తెల్ల కాగితం పెడితే, ఆ పట్టీ ఒక శుభ్రమైన తెల్లటి గీతగా మారుతుంది. ఆ గీత తిన్నగా ఉంటే పిడి నునుపుగా మలిచారన్నమాట. వంకరలు పోతే ఆకురాయి ఎక్కడో ఎక్కువ తక్కువలు చేసిందన్నమాట. ఫొటో చూడటం తెలిసినవాళ్లు పిడిని కాదు, ముందుగా ఆ గీతనే చూస్తారు.

ఇక కెమెరా సంగతి. చాకుకు సరిగ్గా ఎదురుగా, బ్లేడు తలానికి లంబంగా ఉండాలి. ఫోన్ అయితే దగ్గరికి జరగడం కంటే రెండడుగులు వెనక్కి వెళ్లి 2ఎక్స్ లెన్స్ వాడితే కొలతలు వంకరపోవు. ఫోన్‌ను నాలుగు పుస్తకాల మీద కదలకుండా పెట్టి, టైమర్‌తో తీస్తే చెయ్యి వణికినా నష్టం లేదు. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు ఎఫ్8 నుంచి ఎఫ్11 మధ్య పెట్టుకుంటే కత్తి మొత్తం స్పష్టంగా వస్తుంది. వెనకరంగు తెలుపైతే కెమెరా భయపడి ఫొటోను మసకబారుస్తుంది. వెలుతురును ఒక మెట్టు పెంచాలి. నిజానికి తెలుపు కంటే బూడిదరంగు కాగితం మేలు. వెల్వెట్ మాత్రం వద్దు. దాని నూగు బ్లేడు మీద చేరి, పెద్దది చేసి చూస్తే పురుగుల్లా కనిపిస్తుంది.

నాలుగున్నర అంగుళాల బ్లేడున్న మడత చాకుకు పిడి అంతకంటే కాస్త పొడవుంటుంది. విప్పితే దాదాపు పదంగుళాలు, వెడల్పు ఒక అంగుళం. దాన్ని అడ్డంగా పెడితే ఫొటోలో ముప్పాతిక వంతు ఖాళీయే. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా పెడితే అదే కత్తి తెరనిండా వస్తుంది. మొన గాని, పిడి చివర గాని ఫ్రేము బయటికి పోకూడదు. తీసే ముందు మెత్తటి గుడ్డతో నూనె, వేలిముద్రలు తుడిచేయాలి. ఈ చివరి పనికి ఖర్చేమీ లేదు, కాని ఎక్కువ ఫొటోలు చెడేది దీనివల్లే.

పక్కన స్కేలు ఎందుకు?

కత్తి పక్కన స్కూలు పిల్లల స్కేలు పెట్టి తీసిన ఫొటో అందంగా ఉండదు. కాని మన దేశంలో అంతకంటే అవసరమైన ఫొటో లేదు. ఆయుధాల నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాల కంటే పొడవైన లేదా రెండు అంగుళాల కంటే వెడల్పైన బ్లేడున్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. వంటింటికి, పొలానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. ఉత్తరప్రదేశ్ హద్దు నాలుగున్నర అంగుళాలు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ మరీ కఠినం. బటన్‌తోనో, స్ప్రింగ్‌తోనో, మరో యంత్రాంగంతోనో తెరుచుకునే చాకుల బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు పైన ఉంటే అది వర్తిస్తుంది. నాలుగున్నర అంగుళాలంటే 11.43 సెంటీమీటర్లు. రాంపూర్ బజారులో ఇబ్బంది లేని చాకు, రైలెక్కి ఢిల్లీలో దిగేసరికి కేసుగా మారొచ్చు.

స్కేలు లేని ఫొటోలో చాకు ఎంతైనా ఉండొచ్చు. కొనేవాడు సినిమాలో చూసిన పన్నెండు అంగుళాలను ఊహించుకుంటాడు. పార్సిల్ విప్పి పెదవి విరుస్తాడు. లేదా తన ఊళ్లో చెల్లని కొలత అని తెలియక కొనేస్తాడు. రెండింటిలోనూ చెడ్డపేరు పనివాడికే. స్కేలుతో ఒకటి, మూసిన చాకు అరచేతిలో పెట్టి ఒకటి, ఈ రెండు ఫొటోలు ఆ గొడవను ముందే తీర్చేస్తాయి. అమ్మకం ఒకటి పోతే పోవచ్చు, తిరిగొచ్చే పార్సిల్ మాత్రం ఉండదు.

ఏ కత్తికి ఏ ఫొటో

ఒక్క ఫొటోతో కత్తి కథ పూర్తికాదు. కత్తి మొత్తం కనిపించేది ఒకటి తీశాక, ఆ కత్తి ప్రాణం ఎక్కడుందో అక్కడికి కెమెరాను తీసుకెళ్లాలి. రాంపురికి ప్రాణం కీలు దగ్గర. బ్లేడు పిడిలోకి దూరేచోట రెండువైపులా సందు సమానంగా ఉందా, మూసినప్పుడు మొన పిడిలో పూర్తిగా దాక్కుందా, విప్పినప్పుడు తాళం పూర్తిగా పడిందా అన్నవి వెన్ను వైపు నుంచి తీసిన దగ్గరి ఫొటోలోనే తెలుస్తాయి. రాంపూర్ అమ్మకందార్లు అతి తక్కువగా తీసే ఫొటో కూడా అదే. కెమెరా అంతా బ్లేడు చదును మీదే ఉంటుంది, పనివాడు ఎక్కువ సేపు కూర్చున్నది మాత్రం కీలు దగ్గర.

నేపాల్‌లోని భోజ్‌పూర్ ఖుక్రీలకు పేరుపడ్డ కొండ ఊరు. ఖుక్రీకి వంపే అందం కాబట్టి పక్కనుంచి తీసిన ఫొటోనే ముఖ్యం. దానితోపాటు పిడి దగ్గర బ్లేడులో ఉండే చిన్న గంటును, ఒరలో ఇమిడే రెండు చిన్న పనిముట్లను కూడా చూపాలి. వాటిలో కర్దా చిన్నచిన్న పనులకు, మొద్దుగా ఉండే చక్‌మక్ పెద్దకత్తి అంచును సరిచేయడానికి, చెకుముకి రాయి మీద నిప్పు పుట్టించడానికి. ఈ రెండూ లేని ఫొటో చూసి కొంటే, పార్సిల్‌లో అవి లేకపోయినా అడగడానికి ఆధారం ఉండదు. కర్ణాటకలోని కొడగులో పెళ్లికొడుకు నడుముపట్టీలో దోపుకునే పీచెకత్తి సంగతి వేరు. అక్కడ వెండి నగిషీ చేసిన ఒరకే ఎక్కువ పని పడుతుంది. పక్కనుంచి తక్కువ ఎత్తులో వెలుగు వస్తేనే ఆ చెక్కుడు లోతు కనబడుతుంది. ఎదుటి నుంచి వెలుగు కొడితే వెండి రేకు చదునుగా కనిపిస్తుంది.

అన్నిటికంటే కష్టమైన ఫొటో తెలుగునేలకు దగ్గరి చుట్టం. ఇప్పటి తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో కరిగించిన ఉక్కుకు పెట్టింది పేరు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారని హెన్రీ వాయ్సీ రాసిన నివేదిక 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇంగ్లిష్‌లో దీన్ని ‘వూట్జ్’ అంటారు. ఆ మాట దక్షిణాది ‘ఉక్కు’ నుంచి పుట్టిందని పండితుల్లో ఎక్కువమంది నమ్మకం. 2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి పాత కొలుముల ఆనవాళ్లను నమోదు చేశాయి.

డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లా కదలాడే చారలు ఈ ఉక్కు లోపలివే. కార్బన్ ఎక్కువున్న గట్టి కణాలు వరుసలు కట్టడం వల్ల ఏర్పడతాయి. ఆమ్లం పూస్తేనే పైకి తేలతాయి. నేరుగా వెలుగు పడితే మాయమవుతాయి, ఏటవాలుగా పడితే లేచి నిలబడతాయి. నేడు ‘డమాస్కస్’ పేరుతో అమ్ముతున్నవాటిలో ఎక్కువ రెండు మూడు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికించి, మడిచి చేసినవి. అదీ నిజమైన చేతిపనే. కాని ఇంకొన్ని మామూలు ఉక్కు మీద చార ముద్ర వేసినవి. తేడా చూపేది ఒకే ఒక్క ఫొటో. బ్లేడు వెన్ను ఫొటో. చారలు పక్కనుంచి వెన్ను మీదుగా అవతలికి సాగితే అవి ఉక్కు లోపలివి. అంచు దగ్గరే ఆగిపోతే పైన పూసినవి. వెన్ను చూపించని ‘డమాస్కస్’ ఫొటోను ఎంత అందంగా తీసినా అనుమానించాల్సిందే.

దిద్దుబాటు ఎంతవరకు?

ఫొటో తీశాక కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో దిద్దని వాళ్లు ఇప్పుడు లేరు. గీత ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న. దీనికి తేలికైన సూత్రం ఒకటుంది. కత్తి మీద లేనిదాన్ని తీసేయొచ్చు, ఉన్నదాన్ని తీసేయకూడదు. బ్లేడు మీద వాలిన దుమ్ము కత్తిది కాదు, చెరపొచ్చు. సానరాయి గీత కత్తిది, ఉండనివ్వాలి. వంకరగా వచ్చిన ఫొటోను తిన్నగా తిప్పొచ్చు, వంకరగా ఉన్న బ్లేడును తిన్నగా చేయకూడదు. ట్యూబ్‌లైటు వల్ల పచ్చబారిన ఇత్తడిని అసలు రంగుకు తేవొచ్చు, బంగారంలా చేయకూడదు. పిడికీ బ్లేడుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటే దాన్ని పూడ్చాల్సింది ఆకురాయితో, మౌస్‌తో కాదు.

ఇక్కడే ఫొటో పనివాడికి రెండోరకంగా పనికొస్తుంది. కంటికి కనబడని లోపం తెరమీద నాలుగింతలై కనిపిస్తుంది. రెండువైపుల ఫొటోలను పక్కపక్కన పెడితే సానగీత ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి ఉన్న సంగతి బయటపడుతుంది. రివెట్ చుట్టూ నల్లటి వలయం ఉంటే అక్కడ మురికి చేరిందనో, రంధ్రం పెద్దదైందనో తెలుస్తుంది. అమ్మడానికి తీసిన ఫొటోయే తర్వాతి కత్తిని సరిదిద్దే మేస్త్రీ అవుతుంది. ఫొటోను దిద్దితే ఒక కత్తి అమ్ముడవుతుంది. ఫొటో చూసి చెయ్యి దిద్దుకుంటే రాబోయే కత్తులన్నీ బాగుపడతాయి.

ఫొటోకు అందనిది

ఎంత నిజాయితీగా తీసినా ఫొటోకు ఒక హద్దుంది. తెలుగులో ‘పదును’ అన్న మాటకు రెండర్థాలు. ఒకటి తెగే గుణం. రెండోది కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుమును ముంచి తీసి ఉక్కులో నిలిపే గట్టిదనం. మొదటిది అంచు ఫొటోలో కొంత కనబడొచ్చు. రెండోది ఏ లెన్సుకూ అందదు. సరిగా పదును పెట్టని కత్తి, పెట్టిన కత్తి ఫొటోలో కవలపిల్లలు.

అందుకే అమెరికాలో 1976లో బిల్ మోరాన్ స్థాపకుడిగా ఏర్పడ్డ అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఫొటోలు చూసి ఎవరికీ హోదా ఇవ్వదు. అభ్యర్థి తాను చేసిన కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒకే వేటుకు తెంపాలి. కొయ్య దూలం ముక్కను నరకాలి. ఆ తర్వాత కూడా అదే అంచు చేతిమీది వెంట్రుకలను గొరగాలి. చివరగా బ్లేడును పట్టకారులో బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. ఇవన్నీ నెగ్గాకే, నాణ్యతకు నమూనాగా ఐదు కత్తులను తీసుకెళ్లి పెద్దల ముందు పెట్టాలి. వాళ్లు వాటిని చేతుల్లోకి తీసుకునే చూస్తారు.

రాంపూర్‌లో అలాంటి పరీక్ష లేదు, అలాంటి ముద్రా లేదు. ఉన్నది ఊరి పేరు ఒక్కటే. ఆ పేరుతో యంత్రం చాకు, చేతి చాకు ఒకే ఎర్రటి వెల్వెట్ మీద, ఒకే తెల్లటి మచ్చతో, ఒకే ధరకు ఫోన్లలో తిరుగుతున్నాయి. మచ్చ పడ్డ ఫొటోలో రెండింటికీ తేడా కనబడదు కాబట్టి, లాభం యంత్రానికే. సందు సమానంగా ఉన్న కీలు, వణకని సానగీత, తిన్నటి ఇత్తడి మెరుపు, పక్కన స్కేలు ఉన్న ఫొటో యంత్రం చాకుకు ఇరకాటం. దాని దగ్గర చూపించడానికి అవి లేవు.

దీనికి కావలసిన సరంజామా ఒక కిటికీ, ఒక పంచె, ఒక థర్మోకోల్ షీటు, ఒక నల్లచార్టు, జేబులో ఎలాగూ ఉన్న ఫోను. అన్నీ కలిపినా ఒక మంచి చాకు ధర కాదు. కూడలిలోని 20 అడుగుల చాకు ఊరికి గుర్తు తెచ్చింది. బజారులో నాలుగున్నర అంగుళాల చాకు చేసేవాడికి కావలసింది గిరాకీ. అది రావాలంటే ముందు అతని పని నలుగురి కంట్లో పడాలి. మెరుపు కాస్త పక్కకు జరిగితే చాలు.